ఎంపీకి నిలబడ్డ పెదకోటయ్య

ఎవరూ, ఆ ఫొటోలో బకెట్టు పట్టుకున్నాయనా? పెదకోటయ్య బావరా, వెంకటసాయీ. మా ఇంటెనకాలే, బట్టీల కాలనీలో ఉండేవాడు. సున్నపు బట్టీలో రాయి మోసేవాడు, ఎంపీకి నిలబడేవాడు. నవ్వుతావేంది? రెండూ చేశాడు మనిషి. కౌన్సిలరుకి నిలబడొచ్చుగా బావా అని నేనే అడిగా. "ఒరేయ్, కౌన్సిలర్నడిగితే ఎమ్మెల్యే అంటాడు, ఎమ్మెల్యేనడిగితే ఎంపీ నిధులంటాడు, మధ్యలో వీళ్ళందర్నీ ఇబ్బంది పెట్టడం దేనికి" అన్నాడు. ఆయనకి కావాల్సిందొకటే, కాలనీకి మంచినీళ్ళ కుళాయి. బట్టీలో సున్నం తడపడానికి రోజూ ట్యాంకరొచ్చేది. మనుషులకి ఎప్పుడన్నా వచ్చేది. సున్నం ఆగదుగా మరి, మనమైతే ఆగుతాం. ఆ ట్యాంకరు కాడ తోపులాటలో బిందెతో సహా పడి వాళ్ళ కోడలు సరస్వతికి కడుపు పోయింది. ఆ ఏడే నామినేషనేశాడు.

మొదటిసారి విత్‌డ్రా గడువు రోజున పొద్దున్నే పార్టీవాళ్ళ కారొచ్చింది. తెల్లచొక్కాలాయన దిగి, "పెద్దాయనా, మీలాంటోళ్ళు మా ఎనకాల ఉండాలిగానీ ఎదురుగా ఉంటే ఎట్టా" అన్నాడు. మధ్యాహ్నానికల్లా లారీతో పైపులు దించారు. బావ ఎనక్కి తీసుకున్నాడు. ఓట్లయిపోయినాయి, అదే లారీ వచ్చి పైపులెత్తుకుపోయింది. డ్రైవరు మనోడే, బాబూరావు. "నాదేముందన్నా, దించమంటే దించా, ఎత్తమంటే ఎత్తా" అన్నాడు. వాడి తప్పేం లేదులే.

రెండోసారి ఎనక్కి తగ్గలా. గుర్తు బకెట్టిచ్చారు. పొద్దున్నే మాచవరం పోయాం, చేతిలో ఖాళీ బకెట్టు. పొలాలకి బయల్దేరినోళ్ళు ఈయన్ని చూడటం, గబుక్కున ఇంట్లోకి పోయి కాసేపు కూర్చుని, కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరటం. ఒక ముసలామె, "ఖాళీ బకెట్టుతో ఎదురొచ్చి ఓటడుగుతావా, నీ మొహం మండ" అని తలుపేసుకుంది. మాకు ఆ ఆలోచనే రాలా. మర్నాటి నుంచి మా గురవమ్మక్క, బావ పెళ్ళామేలే, తాగే నీళ్ళు బకెట్టు నిండా పోసి పంపింది. ఎండలో జనం ముంచుకుని తాగారు. ఓట్లెయ్యలా, తాగారు.

లెక్కింపయ్యాక చూస్తే మా కాలనీ బూతులో కూడా ఓట్లు రాలా. బావ ఇంటికొచ్చి, "ఏమే, నువ్వన్నా వేశావా" అన్నాడు. "వెయ్యలా" అంది. "గెలిస్తే నువ్వు ఢిల్లీ పోతావు. ట్యాంకరొచ్చినప్పుడు జనంలో దూరి నీళ్ళు పట్టేదెవరు, నేనా?" "అదీ నిజమే" అన్నాడాయన. కాలనీ అంతా అట్టనే అనుకున్నారంట.

తర్వాత సున్నం దుమ్ముకి ఊపిరితిత్తులు చెడి పోయాడు. నేను చానా ఏడ్చా, దాచుకోడానికేముంది. మొన్న ఎలక్షన్లకి పైపులు కూడా దించలా. ఎందుకు దించుతారు, నిలబడేవాడేడీ.

ఆ ఎలక్షన్లయిపోయినాక గురవమ్మక్క కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చింది. "తమ్ముడూ, నామినేషన్ నరసరావుపేటలోనేనా వేసేది?" అంది. ఇప్పుడు కాదక్కా, ఇంకా చానా ఏళ్ళుంది అన్నా. "అప్పటిదాకా నేనుంటానో లేదో, నా పేరు ఇప్పుడే రాసుకోమనరా" అంది.

ఆ టీ తాగు, చల్లారిపోతంది.