గుర్రానికీ అత్తకీ ఒకే రొప్పు

"అవ్వా, మీ జట్కా గుర్రానికి ఏదో రొప్పు జబ్బు ఉండేదంట కదా. ఏం మందు పోసినారు?"

మందా? మందేముంది సుజాతమ్మా, గడ్డి తడిపి పెట్టినాం, అంతే. ఆ స్టూలు లాక్కోని కూర్చో. మీ కంపెనీ బస్సుకి ఇంకా టైముంది కదా.

ఎగరొప్పు అంటారమ్మా దాన్ని, గుర్రాలు పెట్టుకున్నోళ్ళు. మనుషులకి ఉబ్బసం వస్తుంది చూడు, అట్లాంటిదే. జొరం మాదిరి వచ్చి పోయేది కాదు, వచ్చిందంటే చచ్చేదాకా ఉంటుంది. ఊపిరి లోపలికి బాగానే పోతుంది, బయటికి రావాలంటే రెండు తూర్లు తొయ్యాల. డొక్కలు చూస్తే తెలిసిపోతుంది. మీ తాత, అదే మా ఆయన, హోసూరు బస్టాండు కాడ జట్కా తోలుతా ఉండె. అప్పుడు ఆటోలు యాడివి? మత్తిగిరికి మనిషికి అర్ధరూపాయి... కాదు కాదు, మొదట్లో పావలానే, అర్ధరూపాయి తర్వాత అయింది. పోనీలే. గుర్రం పేరు రాజా. మిట్ట ఎక్కేటప్పుడు దగ్గి దగ్గి మధ్యలో నిలబడిపోతా ఉండె. దుడ్డిచ్చి ఎక్కినోళ్ళు దిగి నడిచి పోతా ఉండిరి, మీ తాతని తిట్టుకుంటా.

మా ఇల్లేమో ఒకటే పొడుగు గది. మధ్యలో మొండిగోడ, ఆ పక్క గుర్రం, ఈ పక్క మేము. పైన అటక మీద రాగి గడ్డి. గడ్డి లాగినప్పుడల్లా దుమ్ము. ఆ అటక కిందనే మా అత్త పడక. ఆయమ్మకీ రొప్పే. గోడకి ఆ పక్క గుర్రం దగ్గితే ఈ పక్క అత్త దగ్గుతుంది. కొత్తలో నాకు నవ్వొస్తా ఉండె, తర్వాత అలవాటైపోయింది. మనిషి పిడికెడు, నోరు పుట్టెడు. మా నాయనకి సొంత అక్క, మేనత్త నాకు. వేప్పనపల్లిలో మా అమ్మ పోయినప్పుడు నాకు ఊహ కూడా తెలీదు. ఎత్తుకోని వచ్చి పెంచి, కొడుక్కే చేసుకునింది.

లాడాలు కొట్టే సాయిబు ఒకాయన వస్తా ఉండె. ఆయన రాజా డొక్క మీద చెయ్యి పెట్టి చూసి, "దీన్ని బయట కట్టప్పా. గడ్డి నీళ్ళల్లో ముంచి పెట్టు. దుమ్ము తప్పితే బతుకుతుంది" అన్నాడు. మీ తాత ఇంటి పక్క జాగాలో నాలుగు గుంజలు పాతి కొబ్బరి మట్టలు కప్పినాడు. గోడల్లేవు. ఈ ఊరి చలి నీకు తెలుసు కదా, అప్పుడింకా ఎక్కువ. దాని మీద గోనె కప్పినాం. నెల తిరక్కుండానే మిట్ట ఎక్కింది. రొప్పు పోయిందని కాదు, అది పోయేది కాదు. బండి మాత్రం లాగింది.

ఇంక అత్త ఉండాది. అటక మీద గడ్డి కూడా దించేసినాం, అయినా ఏండ్ల దుమ్ము ఆ పెంకుల్లో పట్టుకోనుండాది, దానికి తోడు పొయ్యి పొగ. ఆ చలికాలం ఆయమ్మ కూర్చోనే నిద్రపోతా ఉండె, పండుకుంటే ఊపిరాడదు. పెదాలు నల్లబడిపోయె. ఈ చలి దాటదని నాకు భయం పట్టుకునింది.

"అత్తా, నువ్వూ ఆ పాకలో పండుకో, గాలాడుతుంది" అన్నాను. ఎంత మాటన్నిందనుకుంటావు! "నన్ను గుర్రం కాడికి తోస్తావా? కోడలు అత్తని బయటేసిందని వీధంతా చెప్పుకోవాలనా? ఈ గడప లోపలే చస్తాను గానీ దాటను" అనేసింది. కొడుకు చెప్పినా అంతే. ఊపిరికన్నా పేరే ఎక్కువమ్మా ఆయమ్మకి. చెప్పొద్దూ, ఒళ్ళు మండిపోయింది నాకు.

ఒకనాడు పొద్దు గూకేటప్పుడు, వీధిలో అందరూ వాకిళ్ళల్లో కూర్చోనుండే యాళ, కూరలో ఉప్పెక్కువైందని అత్త ఏదో అన్నింది. సుమ్మా ఊరికే, రోజూ అనేదే. నేను వీధంతా వినేటట్ల అరిచినాను. "నాకీ ఇంట్లో చోటు లేదు కదా, గుర్రంతోనే ఉంటాను పో" అని చాపా దుప్పటీ తీసుకోని పాకలోకి పోయి పండుకున్నాను. మీ తాత అంతా చూస్తానే ఉండి, లోపలికి పోయి పండుకున్నాడు. ఎదురింటి గౌరమ్మ మాత్రం వచ్చేసింది, నడుం మీద చెయ్యి పెట్టుకోని. "తల్లి లేని బిడ్డని గుర్రం కాడికి తోస్తివే, నీకు మనసెట్ల వచ్చిందమ్మా?" అని మా అత్తని కడిగేసింది.

అత్త గోడ పట్టుకోని వచ్చింది. "లోపలికి రావే" అన్నింది. రానన్నాను. తిట్టింది, బతిమాలింది. కడకి, "నువ్వు లేచేదాకా నేనూ లేవను" అని నా చాప చివర కూర్చునింది. సరే కూర్చో, అన్నాను. అట్లనే గుంజకి ఒరిగి, ఇంకాసేపటికి నా పక్కన పండుకునింది. పండుకునిందమ్మా! గురక కూడా పెట్టింది. నేను లేచి గోనె తెచ్చి కప్పినాను.

మర్నాడు సాయంత్రం తనే పాకలో చాప పరిచింది. గౌరమ్మ అడిగితే, "మా కోడలికి పొగరు, లోపల పండుకోదంట. ఒంటరి ఆడబిడ్డ, తోడు ఉండొద్దా?" అన్నింది. నేనెందుకు అరిచి బయట పండుకున్నానో ఆయమ్మకి తెలీదా అంటావా? తెలుసు. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. కోడల్ని తోసిన అత్తంటే వీధిలో భయపడతారు, కోడలు తోసిన అత్తంటే నవ్వుతారు. అదీ ఆయమ్మ లెక్క.

ఆ చలి దాటింది. ఇంకా ఎన్నో చలికాలాలు దాటింది. ఆటోలొచ్చినాయి, రాజా పోయింది, మీ తాత ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్ అయినాడు. అత్త పడక మాత్రం ఆ పాకలోనే. పిల్లలు పుట్టినాక నేను లోపలికి పోయినా, ఆయమ్మ రాలేదు. "గుర్రం వాసన అలవాటైపోయిందిలే" అనేది, గుర్రం పోయి ఎన్నేండ్లో అయినాక కూడా.

ఆయమ్మ పోయిన రోజు నేను మీద పడి ఏడుస్తా ఉంటే, గౌరమ్మ వచ్చి నా భుజం పట్టుకునింది. "ఇంక చాల్లే మునెమ్మా, నిన్ను గుర్రం కాడ పండబెట్టిన మనిషికి ఇంత ఏడుపా? ఎవురు నమ్ముతారు?" అని చెవిలో అన్నింది. నేనేం చెప్పేది? చెప్తే ఆయమ్మ కాచుకున్న పేరు పోతుంది. కొంగుతో మొగం తుడుచుకోని లేచినాను. అమ్మకి ఏడ్చినట్ల ఏడవాలనుండె సుజాతా, ఏడవలేకపోయినాను.

అదో, మీ బస్సోడు హారన్ కొడ్తాండాడు. పో తల్లీ. నిండా ఊపిరి పీల్చుకోని నూరేండ్లు ఉండు.