మోకాళ్ల మొక్కు

ఆ నూనె కాంచేది ఇంక సాలించత్తా! నిన్నటి నుంచి రుద్దతానే ఉండావు. ఆయన మోకాలి వాపు తగ్గిందా? నీ కొడుకు నడవలో గోడపక్కకి తిరిగి పండుకోనుండాడు సూడు. నిద్రనుకుంటివా? నిద్ర కాదు, మన మొగం సూడలేక.

ఆయన చెప్పడు, నేనే చెప్పాల. మద్రాసోళ్లు పంపించేసినారత్తా. సెలవు కాదు. ఇంక రావొద్దన్నారు.

ఏం, అట్ల సూస్తావు? ఫుట్‌బాల్ ఆడేదానికే ఇచ్చిన ఉద్యోగం అది. ఆఫీసులో కుర్చీ పేరుకే. పరిగెత్తలేనోణ్ణి కూర్చోబెట్టి కూడు పెడతారా?

ఈడ తిరుపతిలో ఆయన బంతి తీసుకొని పోతావుంటే జనం ఎట్ల అరిచేవాళ్లు! మీ అన్న పక్కనోళ్లకి "నా మేనల్లుడప్పా, మునస్వామి, నా మేనల్లుడు!" అని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకొనేవాడే! ఆ ఆట సూసే గదా మద్రాసోళ్లు పిలిచింది?

కాదు, నీ మొక్కువల్లే పిలిచినారంటివి. సరే, అట్లనే అనుకుందాం. కొడుకుని టీములో తీసుకుంటే మోకాళ్ల పర్వతం కాడ మెట్లన్నీ మోకాళ్లతోనే ఎక్కిస్తానని మొక్కుకొంటివి. ఎవుర్నన్నా అడిగితివా? ఎమర్జెన్సీ ఎత్తేసిన యేడు శ్రీకాళహస్తి పోటీలో ఆ కాలికే గదా దెబ్బ తగిలింది!

కాళ్లావేళ్లా పడితి నేను. ఒక్క యేడు ఆడనీ, ఆమీట ఎక్కుతాడు అని. "నాకు మతి నిలవడంలేదు పాపా. పొయ్యిమీద పాలు మరిచిపోతాండా. రేపు మొక్కు మరిచిపోతే? నేను మరిచినా స్వామి మరుస్తాడా?" అంటివి.

ఆయన నవ్వినాడు. "మాయమ్మ భయం తీరితే సాలు, బల్లి మాదిరి పాకేస్తా" అన్నాడు. పాకినాడు. పైకి పోయేతలికి పంచె మోకాళ్లకాడ ఎర్రగా తడిసిపోయింది. నువ్వు గోవిందా గోవిందా అంటా వెనకనే వస్తివి.

మద్రాసులో మొదటి ఆటంట. బంతి కోసం ఆయన తిరిగినాడు, కాలు తిరగలేదు. పటుక్కుమన్నదంట. అవతలి టీమోడే భుజాన మోసుకొచ్చినాడంట. "ముందే పాడైన మోకాలిని ఇంకేం చేసినావప్పా?" అని డాక్టరు అడిగితే కిందపడినా అన్నాడు. నీ మొక్కు మాట బయటపెట్టలేదు.

ఏడవద్దత్తా. ఆయనకి వినపడతాది.

కొంగు కింద ఏందది? పసుపు గుడ్డా? మళ్లా ముడుపు కడతాండావా! కాలు బాగైతే మళ్లా ఎక్కిస్తానని మొక్కుకొంటివా?

కట్టుకో. నేను చెప్తే వింటావా? ఈసారికి మాత్రం నా తల మొక్కుకో అత్తా, గుండు కొట్టించుకుంటా. జుట్టయితే మళ్లా మొలస్తాది.