జీపులో నాలుగు సెకన్లు

శుక్రవారం ఉదయం, మస్కట్‌లోని అజైబాలో నర్సు జూలీ ఫ్లాటు. పాత గూఢచారి సినిమాలను బాగుచేసి డిస్కులుగా తెచ్చే కంపెనీ నుంచి వచ్చిన లెవి హాల్లో కెమెరా పెట్టాడు. ఎదురుగా జూలీ తండ్రి ప్రసాద్ బాబు కూర్చున్నాడు.

“మళ్ళీ ఒక్కసారి, అంకుల్. షూటింగులో జీపు లోయలో పడినప్పుడు మీరెక్కడున్నారు?”

“చెప్పాను కదా, లెవీ. లైట్ల దగ్గర. నేను లైట్ అసిస్టెంటుని.”

“ఇందాక టీ డేరా దగ్గరన్నారు.”

“ఇందాక… అదే, టీ తాగి లైట్ల దగ్గరికొచ్చాను. యాభై ఏళ్ళనాటి సంగతి, ఎవడికి గుర్తుంటుందయ్యా?”

“నీకు గుర్తులేకపోవడమేంటి డాడీ? టీవీలో ‘నల్లతాచు 47’ వస్తే డైలాగులన్నీ ముందే చెప్పేస్తావు. లెవి గారూ, మీ పేజీలో నేను కామెంట్ పెట్టింది అందుకే. డాడీ ఆ సినిమాకి పనిచేశారని.”

“నువ్వు పెట్టకుండా ఉండాల్సింది, జూలీ.”

“ఏం? ఎంత గొప్ప సంగతి!”

“సరే, అంకుల్. స్యాం గారి గురించి చెప్పండి. ఆ షాట్లో హీరోకి డూపుగా చేసి పోయినాయన. రెండో డిస్కులో బోనస్ అంతా ఆయన మీదే.”

“మంచోడు. పోయాడు. ఇంకేం చెప్పను?”

“తాగి నడిపాడన్నారట.”

“ఎవడన్నాడు? స్యాం తాగడు! అసలు… అన్నారేమోలే. రాసుకో.”

“తాగడని మీకెలా తెలుసు?”

“తెలుసు. ఒకే గదిలో ఉండేవాళ్ళం. జూలీ, మంచినీళ్ళు తేమ్మా.”

“ఇదిగో డాడీ. ఒకసారి బీపీ చూడనా?”

“వద్దు. కూర్చో. కాదు, నువ్వు లోపలికెళ్ళు.”

“ఉండనివ్వండి, అంకుల్. ఈ ఫ్రేము చూడండి. పాత ప్రింట్లలో ఈ షాటంతా తారు పూసినట్టుండేది. ఇప్పుడు నెగెటివ్ దొరికింది. నాలుగు సెకన్ల షాటు, గీతలూ దుమ్మూ తీయడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. విగ్గు జారి జీపులో మనిషి మొహం కనిపిస్తోంది. ఎవరిది?”

“కళ్ళజోడు లేదు.”

“పెట్టుకునే ఉన్నావు డాడీ.”

“స్యాందే. ఇంకెవరిది?”

“మరి ఇది? ముందురోజు రిహార్సల్ ఫ్రేము, ఇందులో మొహం వేరు. అదే డబ్బాలో దొరికింది. క్లాప్ పలక మీద చాక్‌పీసుతో రాశారు. చదవండి, జూలీ గారూ.”

“‘డూపు: స్యాం’. పక్కన నిలబడ్డాయన… డాడీ? ఇది నువ్వు కదూ?”

“కెమెరా ఆపు, లెవీ.”

“డాడీ, నీ పెళ్ళి ఫోటోలో ఉన్నది ఇదే మొహం!”

“ఆపమన్నానా!”

“ఆపేశాను, అంకుల్. చూడండి, లెన్సుకి మూత పెట్టేశాను.”

“డాడీ, చెప్పు. ఎవరు నువ్వు?”

“…ఆ రోజు నాకు నూట మూడు జ్వరం. ప్రసాద్ వచ్చి, ‘ఒక్క షాటే కదరా స్యాం, నేను చేసేస్తాను, పడుకో’ అన్నాడు. కోటు వాడే వేసుకున్నాడు, విగ్గు వాడే పెట్టుకున్నాడు. వద్దని ఒక్కసారన్నాను. రెండోసారి అనలేదు.”

“ప్రసాద్ ఎవరు డాడీ?”

“లైట్ అసిస్టెంటు. మిషన్ హాస్టల్లో పెరిగాడు, నా అన్నవాళ్ళు లేరు. మస్కట్ వీసా వచ్చి పది రోజులైంది వాడికి. జీపు కాలిపోయింది. మొహం మిగల్లేదు. ప్రొడక్షన్ మేనేజర్ నా చెయ్యి పట్టుకుని ‘పని తెలియనివాణ్ణి నీ బదులు పంపి చంపావు, హత్య కేసు పెడతారు. కాగితాల్లో పోయింది స్యామే. నువ్వెళ్ళిపో’ అన్నాడు. వాడి పెట్టెలో పాస్‌పోర్టుంది. ఫోటోలో తేడా తెలియకుండా గడ్డం పెంచాను. బొంబాయిలో ఓడెక్కాను.”

“నా పాస్‌పోర్టులో తండ్రి పేరు…”

“వాడిదే తల్లీ.”

“అమ్మకి తెలుసా?”

“తెలీకుండానే పోయింది.”

“స్యాంకి… నీకు… అక్కడెవరూ లేరా డాడీ?”

“ఆ గ్లాసు ఇలా ఇవ్వు తల్లీ.”

“అడుగుతున్నాను. ఎవరూ లేరా?”

“మేరీకుమారి. పెళ్ళై ఏడు నెలలు.”

“దేవుడా! ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదా?”

“రాద్దామనే. మొదటి నెల భయం. ఏడాదికి సిగ్గు. తర్వాత మీ అమ్మ పరిచయమైంది. ఇక ఏ మొహం పెట్టుకుని రాయను? నేను చచ్చిపోయాననుకుంది కదా, ఏడ్చి, మర్చిపోయి, ఎవర్నో చేసుకుని సుఖంగా ఉండుంటుంది అనుకుంటూ యాభై ఏళ్ళు నిద్రపోయాను. నాకున్న ఊరట అదొక్కటే. దాన్ని కూడా లాక్కోకు, లెవీ. ఆ నాలుగు సెకన్లు చెరిపేయ్. నీ చేతుల్లో పనేగా.”

“నేను చెరిపినా లాభం లేదంకుల్. పోయినవారం నర్సాపురంలో మేరీకుమారి గారింటికి వెళ్ళాను. అదే బోనస్ కోసం. ఆవిడకి రెండు ఫ్రేములూ చూపించి, మస్కట్‌లో ప్రసాద్ బాబనే ఆయన్ని కలవబోతున్నానని చెప్పాను.”

“మేరీ… ఉందా?”

“ఉన్నారు. ఒక్కరే. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.”

“చూసి… పడిపోయిందా? నన్ను తిట్టిందా?”

“లేదు. జీపులో మొహం కాసేపు చూసి, ‘పాపం, ఈ పిల్లాడా!’ అన్నారు. అంతే.”

“అంతేనా? పోయింది నేను కాదని తెలిసి కూడా?”

“‘శవానికి కాళ్ళు కడుగుతుంటేనే తెలిసిపోయింది బాబూ, మా ఆయన కాదని. బయటికి చెబితే బతికున్నాయన కోసం పోలీసులు వెతుకుతారని నోరు మూసుకుని సమాధి చేయించాను. ఇప్పుడైనా నన్ను నోరు విప్పమంటారో లేదో, ఆయన్నే అడిగి రా’ అన్నారు.”