“మీరెవరి లాయరు?” అని అడిగిన పెద్ద సిస్టర్‌గారు

పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగంలో స్టాఫ్ నర్సుగా విధులలో చేరిన మన పెద్ద సిస్టర్‌గారు, నియామకపత్రం అందుకున్న గదిలోనే తమ స్వభావాన్ని లోకానికి చాటుకున్నారు. సంతకం పెట్టమని చూపిన చోట వెంటనే పెట్టకుండా, కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ పత్రాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క వరకూ చదివి, వెనక్కి తిప్పి ఖాళీగా ఉన్న వైపు కూడా పరిశీలించి, అప్పుడు గానీ కలం తీయలేదు. ఈవిడతో వేగడం కష్టమేనని ఆనాటి గుమాస్తాగారు అనుకున్నారట. ఆయన ఊహ తప్పలేదు.

తొలి సంవత్సరాల్లో వారు చూపిన కార్యదీక్ష, సమయపాలన, రోగుల పట్ల అపారమైన కరుణ ఇలాంటి పదవీ విరమణ సంచికల్లో అందరి గురించీ రాసేవే కనుక వాటిని క్లుప్తంగా స్మరించి, వారికి మాత్రమే సొంతమైన సుగుణాన్ని, అంటే అనుమానాన్ని, కొంచెం విపులంగా చెప్పుకుందాం. మందు సీసా మీద రాసింది చదివినా మూత తీసి వాసన చూసేవారు. “మాత్ర వేసుకున్నానమ్మా” అన్న రోగిని చిరునవ్వుతో మెచ్చుకుంటూనే దిండు ఎత్తి చూసేవారు. ఆ దిండ్ల కింద దొరికిన మాత్రలతో ఒక చిన్న దుకాణం పెట్టవచ్చు. వెనకాల అందరూ “అనుమానం అక్క” అని పిలుచుకుంటారని తెలిసినప్పుడు కూడా వారు నొచ్చుకోలేదు. ఆ పేరు పెట్టింది ఎవరా అని మాత్రం చాలాకాలం ఆరా తీశారు.

క్రమేణా పదోన్నతి పొంది, శస్త్రచికిత్స తర్వాత రోగులను ఉంచే వార్డుకు పెద్ద సిస్టర్ అయ్యారు. అదే వార్డుకు అధిపతి మన పెద్ద డాక్టరుగారు. ఆయన హస్తవాసి గురించి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆయనకు ఒక అలవాటుండేది. రౌండ్స్‌లో మంచం పక్క రెయిలింగు దింపి, రోగిని పరీక్షించి, మాట్లాడుతూనే తర్వాతి మంచానికి వెళ్ళిపోయేవారు. రెయిలింగు దింపినది దింపినట్టే ఉండేది. ఆయన వెనకాలే ఒక నర్సు నడుస్తూ, చప్పుడు కాకుండా ఒక్కో రెయిలింగునూ పైకెత్తడం మన వార్డులో ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేసిన మర్యాద. కొత్తగా చేరిన నర్సులు సూది వేయడం కంటే ముందు ఇది నేర్చుకునేవారు.

ఆ రోజుల్లోనే యాజమాన్యంవారు నర్సులందరినీ సమావేశపరచి, వృత్తిలో పొరపాటు జరిగిందని ఎవరైనా దావా వేస్తే రక్షణగా ఉండే బీమా ఆసుపత్రి తీసుకున్నదనీ, నర్సులందరూ అందులోనే ఉన్నారనీ, ఇక నిశ్చింతగా ఉండవచ్చనీ ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టి బిస్కెట్లు తిన్నారు. పెద్ద సిస్టర్‌గారు బిస్కెట్టు ముట్టలేదు. లేచి, తనకూ ఆసుపత్రికీ మాట తేడా వస్తే ఆ బీమా ఎవరి పక్కన నిలబడుతుందని అడిగారు. అలాంటి సందర్భం రాదని మేనేజరుగారు నవ్వుతూ సెలవిచ్చారు. ఆ జవాబుతో వారి అనుమానం ఖాయమైంది. అడిగిన దానికి కాకుండా అడగనిదానికి జవాబిచ్చే మనిషిని వారు అప్పటికీ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మరు.

మరుసటి వారమే, సొంతంగా వృత్తిబాధ్యత బీమా తీసుకుందామని ఒక ఏజెంటును ఇంటికి పిలిపించారు. నర్సులు ఇలాంటి బీమా అడగడం ఆ ఏజెంటుకు కొత్త. పాపం, ఆయన అలవాటు కొద్దీ జీవితబీమా గురించి మొదలుపెట్టి, మీ తదనంతరం పిల్లలకు ఎంతో మేలు అన్నారు. “నేను పోయాక సంగతి తర్వాత. నేను బతికుండగానే నామీద కేసు పడితే ఏంటో చెప్పండి” అన్నారు వీరు. ఆయన ఆ కాగితాలు తీసి, వర్తించేవన్నీ చదవబోతే, వద్దని ఆపి, వర్తించనివి చదవమన్నారు. దావాకు మాత్రమేనా, లైసెన్సు రద్దు చేస్తామని నర్సింగ్ కౌన్సిల్ విచారణకు పిలిస్తే కూడా లాయరును ఇస్తారా? డ్యూటీలో లేనప్పుడు పక్కింటివాళ్ళకు కట్టు కడితే? ఫిర్యాదు ఈ ఏడాది పని గురించి వచ్చే ఏడాది వస్తే? ఏజెంటు టీ చల్లారిపోయింది. ఆయన ముఖం కూడా. వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న వారి భర్తగారు, వృత్తిరీత్యా దర్జీ, “నన్ను చేసుకునే ముందు ఇందులో సగం ప్రశ్నలు కూడా అడగలేదు” అన్నారు. “అప్పుడు బుద్ధి రాలేదు” అని పెద్ద సిస్టర్‌గారు తల తిప్పకుండానే బదులిచ్చారు. ఈ సంగతి భర్తగారే అందరికీ చెప్పుకుని మురిసిపోతుంటారు.

బీమా తీసుకుని ఊరుకున్నారా అంటే లేదు. వార్డులో ప్రతి ఒక్కరి వెంటా పడ్డారు. ఆసుపత్రి బీమా ఆసుపత్రిని కాపాడటానికి, మనల్ని కాపాడేది మనమే తీసుకోవాలని చెవినిల్లు కట్టుకుని పోరారు. అందరికంటే ఎక్కువగా విసుక్కున్నది వార్డులోని మగ నర్సు, మన బ్రదర్. మంచంతో సహా రోగిని ఎత్తగల భుజాలు, ఎవరు ఏ పని చెప్పినా కాదనలేని నాలుక ఆయనవి. “అక్కా, నేను తప్పు చేస్తే కదా” అనేవారు. చివరికి ఈ పోరు పడలేక, అక్క నోరు మూయించడానికే తీసుకున్నానని ఆయనే ఒప్పుకున్నారు.

అటు తర్వాత జరిగినది ఈ ఆసుపత్రిలో అందరికీ తెలిసినా, సిస్టర్‌గారి కుటుంబసభ్యుల కోసం చెప్పడం అవసరం. తుంటి ఎముకకు ఆపరేషను అయిన ఒక లెక్కల మాస్టారు ఆ వార్డులో ఉన్నారు. ఉదయం రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు ఆయన మంచం రెయిలింగు దింపి, కాలు పరీక్షించి, ఎక్స్‌రే తెమ్మని బ్రదర్‌ను పక్క విభాగానికి పంపారు. పెద్ద సిస్టర్‌గారు ఆ సమయంలో సామాన్ల గదిలో ఉన్నారు. బ్రదర్ తిరిగివచ్చేలోగా రౌండ్స్ ముందుకు సాగిపోయాయి. మాస్టారు స్టూలు మీది కళ్ళజోడు కోసం చేయి చాపి కింద పడ్డారు. ఆపరేషను చేసిన ఎముకే మళ్ళీ విరిగింది. రెయిలింగు ఎత్తకుండా వదిలేశారని మాస్టారి కూతురు ఫిర్యాదు చేసింది. ఆ బిడ్డ కోపంలో అన్యాయమేమీ లేదు. ఆ పూట ఆ మంచాలు చూసుకునే నర్సు కనుక బ్రదర్ లైసెన్సు రద్దు చేయాలా వద్దా అని నర్సింగ్ కౌన్సిల్ విచారణ మొదలైంది. ఇద్దరు చిన్నపిల్లలు, మంచాన పడిన తల్లి, ఆ ఇంట్లో అదొక్కటే జీతం.

ఆసుపత్రి లాయరుగారు వచ్చారు. సౌమ్యులు, మృదుభాషి. సమావేశపు గదిలో బ్రదర్‌కు స్వయంగా కుర్చీ జరిపి, టీ కప్పు ముందుకు తోశారు. ఆ టీ కప్పు జరిగిన తీరు చూసి పక్కనే కూర్చున్న పెద్ద సిస్టర్‌గారికి అనుమానం వచ్చిందట. మన పెద్దలు ఊరికే కప్పులు జరపరని వారి నమ్మకం.

“కంగారు పడకండి. మనమంతా ఒక కుటుంబం” అన్నారు లాయరుగారు. “పెద్ద డాక్టరుగారు చూసి వెళ్ళాక రెయిలింగు ఎత్తేది ఎప్పుడూ మీరే కదా?”

బ్రదర్ ముఖం వెలిగింది. ఇన్నాళ్ళుగా ఎవరూ గమనించని మర్యాదను ఒక పెద్దమనిషి గమనించాడని ఆయన సంతోషం. అవును సార్, అది మా పనే అని గర్వంగా చెప్పబోయారు. ఆ ఒక్క మాటతో తప్పంతా ఆయన మెడకు చుట్టుకునేది. పెద్ద సిస్టర్‌గారు ఆయన చేయి పట్టుకుని ఆపారు.

“లాయరుగారూ, మీరెవరి లాయరు?”

“ఆసుపత్రి లాయర్నమ్మా.”

“రేపు ఆసుపత్రికి ఒక దారి, ఇతనికి ఇంకో దారి అయితే?”

ఆయన నిజాయితీపరుడని ఒప్పుకోవాలి. “అప్పుడు నేను ఆసుపత్రి దారినే పోవాలమ్మా” అన్నారు.

“అయితే ఇతను తన లాయరు వచ్చాకే మాట్లాడతాడు” అని బ్రదర్‌ను లేవదీసి తీసుకుపోయారు. టీ అలాగే ఉంది.

బ్రదర్ బీమా తరఫున ఒక లాయరమ్మ వచ్చారు. ఎప్పుడూ జలుబుతో తుమ్ముతుండే మనిషి. మన సిస్టర్‌గారు ఆవిడనూ వదల్లేదు. మీకు జీతం ఇచ్చేదెవరు, ఆసుపత్రితో మీకేమైనా సంబంధముందా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఇక బ్రదర్‌ను అడిగిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. రౌండ్స్‌కు ముందు రెయిలింగు ఎత్తే ఉందా, లేక ఉదయం నుంచీ దింపే ఉందా అని, తిప్పి తిప్పి, వేర్వేరు రోజుల్లో, భోజనం చేస్తుంటే, బట్టలు మార్చుకుంటుంటే అడిగారు. నువ్వు కూడా నమ్మవా అక్కా అని బ్రదర్ ఒకరోజు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడ ఇంటికి వెళ్ళి, అన్నం సహించక, ఆ పిల్లవాడు నిజం చెబుతున్నాడో లేదో తేల్చుకోలేకపోతున్నానని భర్తగారి దగ్గర బాధపడ్డారు.

విచారణ రోజున లాయరమ్మ పెద్ద డాక్టరుగారిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. పరీక్ష అయ్యాక రెయిలింగు ఎవరు ఎత్తారు అని. ఆసుపత్రి లాయరు ఎన్నటికీ వేయలేని ప్రశ్న అది. పెద్ద డాక్టరుగారు తమ చేతులు చూసుకున్నారు. “ఆ రోజొక్కటే కాదు. నేను ఎప్పుడూ ఎత్తను. వెనకాల ఎవరో ఎత్తుతారని కూడా నాకు తెలియదు” అన్నారు. మన పెద్ద డాక్టరుగారి గొప్పతనం ఆయన ఆపరేషన్లలో కంటే ఆ రెండు మాటల్లో ఎక్కువ కనబడింది.

తర్వాత పెద్ద సిస్టర్‌గారిని పిలిచారు. రౌండ్స్‌కు ముందు ఆ రెయిలింగు ఎత్తి ఉండటం కళ్ళారా చూశారా అని కౌన్సిల్ సభ్యుడొకాయన అడిగారు. చూశానంటే సరిపోయేది. అక్కడున్న వాళ్ళలో చాలామంది అలాగే చెబుతారనుకున్నారు.

“చూడలేదండీ. సామాన్ల గదిలో ఉన్నాను. కానీ అది ఎత్తే ఉంది.”

“మరి ఎత్తే ఉందని ఎలా చెబుతున్నారు?”

“బ్రదర్ చెప్పాడు.”

“మీరు ఎవరినీ నమ్మరని విన్నామే.”

“నమ్మనండీ. ఇతన్ని కూడా నమ్మకుండానే ఎన్నోసార్లు అడిగాను. ఒక్కసారి కూడా మాట మారలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.”

బ్రదర్ తల వంచుకుని మోచేత్తో కళ్ళు తుడుచుకున్నారు. లైసెన్సు నిలిచింది. బయటికి వచ్చాక వరండాలో, పెద్ద సిస్టర్‌గారు ఆయన పక్కకు వచ్చి, “నిజంగానే ఎత్తావా?” అని మళ్ళీ అడిగారు. ఆ గొడవ మొదలైన తర్వాత బ్రదర్ మొదటిసారి నవ్వింది అప్పుడే.

ఆనాటి నుంచి మన వార్డులో డాక్టర్ల వెనకాల చప్పుడు లేకుండా నడిచే మర్యాద పోయింది. “సార్, రెయిలింగు” అని పైకి అనడం, సారు ఎత్తేదాకా అక్కడే నిలబడటం వచ్చింది. పెద్ద డాక్టరుగారే ముందుగా అలవాటు చేసుకున్నారు. లెక్కల మాస్టారు రెండో ఆపరేషను తర్వాత కర్ర పట్టుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు. వార్డులో బీమా లేని నర్సు ఇప్పుడు ఒక్కరూ లేరు. అది పోరు వల్ల కాదని, తెలిసి తీసుకున్నామని అందరూ అంటారు. సిస్టర్‌గారు ఆ మాట పూర్తిగా నమ్మరు.

పదవీ విరమణ చేస్తున్నా వారు తమ బీమా వదులుకోలేదు. ఫిర్యాదు వచ్చిన రోజున అమలులో ఉంటేనే కాపాడే రకం అది. చేసిన పనికి ఫిర్యాదు యూనిఫాం విప్పాక కూడా రావచ్చు కనుక, పాత పనికి రక్షణ కొనసాగేలా ముందే ఏర్పాటు చేసుకున్నారు. ఈ సంచికలో తమ గురించి వ్యాసం వస్తోందని తెలిసి, అందులో ఏం రాస్తున్నారని, రాయమని ఎవరు చెప్పారని ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగారని కూడా భోగట్టా. సన్మానసభ జరిగే సాయంత్రం బ్రదర్‌కు వార్డులో డ్యూటీ పడింది. ఎవరితోనైనా మార్చుకుని వస్తానంటే అక్కగారు ససేమిరా అన్నారు. “నువ్వు డ్యూటీలో ఉండు. నాకు అంతకంటే సన్మానం ఏముంది” అన్నారు.

మన పెద్ద సిస్టర్‌గారు భర్తగారితో, బిడ్డలతో సంపూర్ణ ఆరోగ్యంతో, సుఖశాంతులతో చిరకాలం వర్ధిల్లాలని, ఏరికోరి నిలుపుకున్న ఆ బీమా ఒక్కనాటికీ వారికి అవసరపడకూడదని, ఈ సాయంత్రం మనం చెప్పే మంచిమాటలను మాత్రం అనుమానించకుండా ఇంటికి తీసుకువెళ్ళాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాం. వార్డులో ఉన్న బ్రదర్ తరఫున కూడా.