నడుము పంతొమ్మిది

మధ్యాహ్నం మా కుట్టు కొట్టులో తెర వెనక కూర్చుని నేను హుక్కులు కుడుతున్నాను. అమ్మ ఏటీఎం నుంచి ఒట్టి చేతులతో వచ్చింది. చిన్నత్త మిషన్ ఆపింది.

“డబ్బేది వదినా?”

“రెండుసార్లు నెంబరు తప్పు నొక్కాను. మూడోసారీ తప్పితే కార్డు ఆగిపోతుందట. సాయంత్రంలోపు డబ్బు కట్టకపోతే మన మిషన్‌కని చెప్పి ఉంచిన కొత్త మోటారుని షాపువాడు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. కొలతల పుస్తకం ఇలా ఇయ్యి.”

“కార్డుకీ కొలతలకీ ఏం సంబంధం?”

“ఫోన్లో చూస్తే దొంగలు, బయట చూస్తే దొంగలు. అందుకే ఆ నెంబరుని జాకెట్టు కొలతలా రాసి దాచాను. చివరి కాగితం ఏదే?”

“కుట్టేశాక చింపెయ్యడం మన అలవాటేగా.”

“కుట్టేశావా! ఎవరికి?”

“నాకేం తెలుసు? తొందరలో పేరు రాయడం మర్చిపోయావనుకున్నా. ఇదిగో జాకెట్టు.”

“టేపు తియ్యి. ఛాతీ యాభై రెండు, నడుము ఇరవై తొమ్మిది. అమ్మయ్య, దొరికింది!”

“ఆగు వదినా! నువ్వు రాసింది పంతొమ్మిదే. ఆ నడుముతో చీమకైనా ఊపిరాడదని నేనే పదంగుళాలు వదిలాను.”

“నీ జాలి మండ! పంతొమ్మిది ఖాయమేనా?”

“ఖాయం. యాభై రెండు, పంతొమ్మిది అని పొద్దున్నుంచి కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. పగలబడి నవ్వారు.”

“అందరికీ చెప్పావా! అయితే డబ్బు తీసి, అట్నుంచటే బ్యాంకుకెళ్ళి నెంబరు మార్చుకుని వస్తాను.”

“మార్చు వదినా. ఈసారి కాస్త కుట్టడానికి వీలయ్యే నెంబరు పెట్టు.”