మూడో పిలుపు

రికార్డుల కంపెనీలో ఒక చిన్న స్టూడియో. లోపల ఇద్దరు: సాక్సఫోన్ సంగీతం మీద వ్యాసాలు రాసే బావ, అక్కడ సౌండు పని చూసే బావమరిది. అద్దానికి అవతల బెంచీ మీద బావ భార్య.

“ఇదీ కాదు.”

“బావా, ఇది నాలుగోది.”

“పద్నాలుగోదైనా కాదంటే కాదు. తీసెయ్.”

“తీసేశా. కాదనే ముందు కాస్త విన్నట్టు నటించొచ్చుగా? ఆయన ఊదడం మొదలెట్టకముందే మీరు తల అడ్డంగా ఊపేశారు.”

“వినక్కర్లేదు. వాసన తెలుస్తుంది. ఏం చేశార్రా సాక్సఫోన్ పెద్దాయన్ని? సబ్బు పెట్టి తోమారా?”

“గరగర తీసేశాం. దాన్నే రీఇష్యూ అంటారు, తమరికి తెలియంది కాదు. పాత పాటని ఉతికి, ఆరేసి, కొత్త పెట్టెలో పెట్టి మళ్లీ అమ్మడం.”

“తెలుసు. అందుకే జన్మలో ఒక్కటి కొనలేదు.”

“కొనలేదు, వినలేదు, ముట్టుకోలేదు. అలాంటి మిమ్మల్ని పట్టుకొచ్చి రీఇష్యూకి పాటలు ఎంచమన్నాం చూడండి, శాకాహారిని చేపల మార్కెట్లో కూర్చోబెట్టినట్టుంది.”

“ఈ పని ఇప్పించింది నువ్వే.”

“నా ఖర్మ. ‘సంగీతమంటే మా బావ చెవి కోసుకుంటాడు’ అని ఓనరు దగ్గర కోతలు కోశా. కోసుకున్నాక ఇంకేం వినపడుతుందని తట్టలేదు.”

“మిగతా పాటలన్నీ ఎంచలేదూ?”

“ఎంచారు. ఏ పాటకి ఏ టేపు వాడాలో పొద్దున్నే తేల్చేశారు, దణ్ణం పెట్టుకున్నా. ఈ ఒక్క దాని దగ్గర మొరాయించారు.”

“ఈ ఒక్కటే అసలైంది. మిగతావి ఎవడైనా ఎంచుతాడు.”

“ఆ విమర్శకుణ్ణి, టై పెద్దమనిషిని పిలిస్తే అన్నీ టీ చల్లారేలోపు ఎంచి వెళ్తాడు. ఓనరు సాయంత్రం దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత పెట్టె మీద ‘ఎంపిక’ అని ఉండేది ఆయన పేరు. మీది కాదు.”

“వాడి పేరా? సాక్సఫోన్ ఎటునుంచి ఊదుతారో తెలుసా వాడికి?”

“తెలియకేం పాపం. మీ పుస్తకం గురించి రేడియోలో చెప్పాడుగా. ‘ఆ మూడు పిలుపులు ఏ రికార్డులోనూ లేవు, ఆ రచయిత కల్లో విని ఉంటాడు’ అని.”

“నవ్వాడు కూడా.”

“నవ్వాడు.”

“అందుకేరా! ఈ పెట్టెలో, నా పేరు కింద, ఆ మూడు పిలుపులూ వినపడాలి. ఊరంతా వినాలి. వాడు ముందు వరసలో కూర్చుని వినాలి. లేకపోతే నేనింక కలం పట్టుకుని ఏం లాభం?”

“సరే, ఇంకోసారి చెప్పండి. అసలేముండాలి ఇందులో?”

“నా పుస్తకం చదవలేదా నువ్వు?”

“స్వయంగా సంతకం పెట్టి ఇస్తిరి, చదవకుండా ఉంటానా. అట్ట బావుంది.”

“విను. రెండో వైపు, మొదటి పాట. డ్రమ్ము తగ్గుతుంది. పెద్దాయన నాలుగు స్వరాలు ఊదుతాడు, ఎవర్నో పిలిచినట్టు. బదులు రాదు. మళ్లీ అవే నాలుగు. బదులు రాదు. మూడోసారి కూడా అవే. అప్పుడు తెగించి ఒక్క ఎగురు ఎగురుతాడు పైకి! పక్కన పియానో వాడు తత్తరపడతాడు. ఆ తత్తరపాటు వినిపిస్తుందిరా!”

“మా టేపులన్నిట్లో ఆ నాలుగు స్వరాలూ ఒక్కసారే ఊదేసి ముందుకెళ్లిపోతున్నాడు బావా. అవతల పనున్న మనిషిలా.”

“కోసేశారు.”

“ఎవరు?”

“మీ కంపెనీ. ఇంకెవరు? కోసేశారు.”

“రెండు క్షణాలు కోసి ఏం చేసుకుంటాం, దాచుకుని తింటామా?”

“రిహార్సల్ టేపు వెయ్యి.”

“వేశాగా. అందులో దగ్గుతున్నాడు.”

“ఆ దగ్గులో కూడా ఒక...”

“ఉంది బావా. కఫం ఉంది.”

“నీకు హాస్యంగా ఉంది. మూడుసార్లు పిలిచాడురా. మూడుసార్లు. మూడు...”

“అరిగిపోయిన రికార్డులా అదే మాట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అంటే ఏమిటో ఇవాళ అర్థమైంది.”

“అయితే నా రికార్డు వెయ్యి. నా ప్లేయరు మీద. వాదన దేనికి?”

“వేస్తా. దానికోసమేగా ఇన్ని మెట్లు మోయించారు. మా దగ్గర ప్లేయరుంది మొర్రో అంటే వింటేనా! దుప్పటి చుట్టి, తాడు కట్టి, మీరో వైపు నేనో వైపు. మెట్ల మీద ఎదురైనాయన ‘ఎవరండీ పోయారు’ అనడిగాడు.”

“మీ ప్లేయర్లని నేను నమ్మను. ఈ రికార్డు, ఈ ప్లేయరు, పెళ్లైన కొత్తలో పాత సామాన్ల కొట్లో ఒకేరోజు దొరికాయి. ఇన్నేళ్లలో ఒక్కసారీ తడబడలేదు.”

“అక్కకి కూడా ఇంత మంచి సర్టిఫికెట్ ఇచ్చినట్టు లేరే.”

“మీ అక్క మాట ఎత్తకు. సంగీతానికి శత్రువు ఆవిడ. నేను కళ్లు మూసుకుని వింటూ ఉంటానా, సరిగ్గా ఈ పాట రాగానే వంటింట్లోంచి లేచొస్తుంది. చీపురో, తడిగుడ్డో, మడతపెట్టే బట్టలో, ఏదో ఒక పని సరిగ్గా ఆ ప్లేయరు బల్ల దగ్గరే ఉంటుంది ఆవిడకి.”

“బల్ల మీద దుమ్ముంటుందేమో.”

“సరిగ్గా ఆ పాటకే పడుతుందా దుమ్ము? ఇంకోటి విను. పుట్టింటికెళ్లినా, పెళ్లికెళ్లినా, ఆఖరికి ఆసుపత్రికెళ్లినా, ప్లేయరు సూది ఊడదీసి తనతో పట్టుకుపోతుంది.”

“సూదా?”

“సూదే. నగలు ఇంట్లో వదిలేస్తుంది, సూది మాత్రం పట్టుకెళ్తుంది. ‘మీరు విరగ్గొడతారు’ అంటుంది. ఈ మోడలుకి ఇంకో సూది లోకంలో దొరకదాయె. నీ మేనకోడలు పుట్టినప్పుడు పుట్టింట్లో కూర్చుంది, నాకు ఒక్క పాట లేదు. గోడ గడియారం వింటూ బతికా.”

“ఆసుపత్రికి కూడా... పొట్లం కట్టుకునా?”

“ఏం పొట్లం?”

“ఏం లేదు. చెప్పండి.”

“చెప్పడానికేముంది. అసూయ. నేను దాన్ని విన్నంత శ్రద్ధగా తన మాట వినలేదని.”

“మరి ఇవాళెందుకు వచ్చిందట? నా స్టూడియో గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు.”

“అదే నాకూ వింత. ప్లేయరు కారెక్కిస్తుంటే ‘అది వెళ్తే నేనూ వస్తా’ అని ముందు సీట్లో కూర్చుంది. లోపలికీ వస్తానంది.”

“రానివ్వాల్సింది.”

“ఎందుకు, చీపురు చప్పుడు కూడా పెట్టెలో అచ్చెయ్యడానికా? ఎర్ర లైటు వెయ్యి. తలుపు గడియ పెట్టు.”

“పెట్టా. అక్క లేచి నిలబడింది.”

“నిలబడనీ. సూది దించు. మెల్లిగా. మెల్లిగారా! తాళి కడుతున్నావా, అంత తొందరేం?”

“దించా.”

“వింటున్నావా? ఇది గరగర కాదు. ఇది కాలం.”

“అవును బావా. కాలానికి బాగా దుమ్ము పట్టింది.”

“ష్. డ్రమ్ము తగ్గింది. ఇప్పుడు... ఇదిగో, ఒకటి!”

“ఊఁ.”

“రెండు! విన్నావా? విన్నావురా?”

“అరె. నిజమే బావా!”

“మూడు! కల్లో విన్నానట! ఇప్పుడు చూడు, ఎగురుతాడు. ఇప్పుడు. ఇదిగో...”

“నాలుగు.”

“ఆగు.”

“ఐదు.”

“ఆగమన్నానా!”

“ఆగాల్సింది నేను కాదు బావా. ఏడు.”

“ఏమైంది? ఎగరాలిగా? మూడోసారికి ఎగరాలిరా! ఏం చేశావ్ నా ప్లేయరుని? మెట్ల మీద కుదిపేశావు కదూ?”

“బావా, అక్క అద్దం కొడుతోంది.”

“కొట్టనీ.”

“రెండు చేతులా కొడుతోంది.”

“ఎర్ర లైటు కనపడట్లేదా ఆవిడకి?”

“బావా, ఒక మాట అంటా, కొట్టకూడదు. ఇది పిలుపు కాదు. సూది గాడిలో ఇరుక్కుంది. తిరిగిన చోటే తిరుగుతోంది. రికార్డు మీద గీతుంది, ఇదిగో, లైటు పక్కకి వంగి చూడండి. వెంట్రుకంత.”

“నోర్ముయ్.”

“నేను మూస్తా. అది మూయడం లేదుగా.”

“మా ఇంట్లో మూడే అంటుంది! ఇన్నేళ్లూ, వేసిన ప్రతిసారీ మూడే! గీతైతే ఒకరోజు మూడు, ఒకరోజు ముప్పై అనాలిగా? గీతకి లెక్కలొచ్చా?”

“అదీ నిజమే. గీతకి లెక్కలు రావు.”

“మరి?”

“ముందు తలుపు తీస్తా. అక్క అద్దం బద్దలు కొట్టేలా ఉంది.”

“ఎంతసేపురా తమ్ముడూ తలుపు తీయడానికి? జరుగు పక్కకి.”

“ఏయ్, దాని దగ్గరికి రాకు! ముట్టుకోకు! నడుముతో బల్లని అలా తోస్తావేంటి, సూది...”

“బావా.”

“...విరిగితే ఎవడు...”

“బావా, ఎగిరాడు.”

“ఏంటి?”

“వినండి. పైకి ఎగిరాడు. పియానో వాడు తత్తరపడ్డాడు కూడా. గాడి దూకేసిందిగా మరి, పాపం వాడేం చేస్తాడు.”

“మళ్లీ మొదట్నించి వెయ్యి.”

“ఇప్పుడెందుకండీ, ఇంటికెళ్లి తీరిగ్గా వినొచ్చు.”

“వెయ్యమన్నానా!”

“వేశా బావా. డ్రమ్ము తగ్గింది. ఒకటి. రెండు. మూడు. అక్కా...”

“ఆఁ. ఇదిగో.”

“ఎగిరాడు.”

“నువ్వా?”

“మోచెయ్యి. ఒక్కోసారి నడుము. చేతిలో వేడి గిన్నె ఉంటే కాలు.”

“ఎప్పట్నుంచి?”

“అది ఇంటికొచ్చిన రోజునించి. ఆ కొట్టువాడు గీత పడ్డదే మీకు అంటగట్టాడు. రెండుసార్లు ఓర్చుకున్నా, మూడోసారికి విసుగొచ్చి అటుగా పోతూ ఓ తోపు తోశా. తర్వాత అలవాటైపోయింది.”

“మూడే ఎందుకు?”

“ఒకసారి తొందర్లో రెండుకే తోశా. ‘ఇవాళ పెద్దాయన ఊపిరి సరిగ్గా లేదు’ అని రాత్రంతా బెంగపడ్డారు మీరు. అందుకని మూడు.”

“అంటే నా పుస్తకం... ఆ తెగింపు... మూడో పిలుపుతో మనిషి...”

“‘మూడో పిలుపుతో మనిషి ఒంటరితనం బద్దలైంది.’ బావా, చదివాను. అట్ట ఒక్కటే కాదు.”

“ఆ బద్దలుకొట్టిన మనిషి అప్పుడు కూరగాయలు తరుగుతోందిరా తమ్ముడూ. మధ్యలో లేచొచ్చింది.”

“ఒక్క ముక్క చెప్పొచ్చుగా నాకు! ఒక్క ముక్క! ఆ టై వెధవ రేడియోలో నవ్వకముందే!”

“ఎప్పుడు చెప్పమంటారు? మొట్టమొదటిసారి అది గాడి దాటి ముందుకెళ్లినప్పుడు మీరు కళ్లు తుడుచుకున్నారు. మామగారు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. ‘నా మనసులో ఉన్నది వీడికెలా తెలిసిందే’ అని నన్నే అడిగారు. అప్పుడు చెప్పనా, వీడు కాదు, నా మోచెయ్యి అని? ఆ తర్వాత వ్యాసం రాశారు. ఆ తర్వాత పుస్తకం. అచ్చైపోయాక ఇంకేం చెప్పను?”

“అచ్చుకి ముందైనా అనొచ్చుగా!”

“నాకూ చెప్పాలనే ఉండేదండీ. ధైర్యం చాల్లేదు. మీకు ఇష్టమైనది అదొక్కటే కదా.”

“బావా, ఓనరు మెట్లెక్కుతున్నాడు. గొంతు వినపడుతోంది. ఏమని చెప్పను? టై పెద్దమనిషికి ఫోను చేసుకోమననా?”

“ఫోను చేస్తే కాళ్లు విరగ్గొడతా. ఈ పాటకి అన్నిటికంటే మొదట వేసిన టేపు ఉంది చూడు.”

“అదీ కాదన్నారుగా?”

“అన్నా. అదే పెట్టు.”

“అందులో ఒక్కసారే పిలుస్తాడు.”

“ఒక్కసారే పిలిచాడురా ఆయన. ఆయన తప్పేముంది, వినడం నాకు చేతకాలేదు.”

“మరి పెట్టె మీద మీ పేరు?”

“వెయ్యి. టై వాడు నవ్వితే నవ్వనీ. వాడు నిజమే చెప్పాడు, దరిద్రుడు. వచ్చే నెల వ్యాసంలో నేనే రాస్తా ఈ సంగతి.”

“నా మోచెయ్యి సంగతా? వద్దండీ బాబూ, పరువు పోతుంది.”

“పోనీ. ఇంతకీ నువ్వు ఊరెళ్లినప్పుడల్లా సూది పట్టుకెళ్లేదానివి...”

“మీరు విరగ్గొడతారని.”

“నిజం చెప్పు.”

“చెప్పానుగా.”

“అక్కా, నేనొకటి అడుగుతా. పోయినేడు ఆపరేషను గదిలోకి తీసుకెళ్తుంటే నా చేతిలో ఓ చిన్న పొట్లం పెట్టావు. ‘నేను తిరిగి రాకపోతే ఇది ఎక్కడైనా పారెయ్, మీ బావకి మాత్రం ఇవ్వకు’ అన్నావు. నువ్వొచ్చేదాకా విప్పి చూసే ధైర్యం కూడా చాల్లేదు నాకు. అది... ఈ సూదా?”

“మరేమనుకున్నావ్, గొలుసనుకున్నావా? నేను లేకుండా ఆయన ఆ పాట వేసుకుంటే, ఎంతకీ ఎగరదురా అది.”