గుంటూరు అమల

సకల జనుల సమ్మె రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాట్నీ ఇంటర్వెల్ దాకా కూడా నడవలేదు, జెండాలతో వచ్చి షో ఆపేయించారు. బస్సులా, అడగొద్దు. మురళీకృష్ణ, జోస్నా ఎల్బీనగర్ వైపు కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారు.

“ఛ! మజా అప్పుడే మొదలైంది. ఆ పిల్ల జడ కత్తిరించుకుని, పేరు మార్చుకుని, యాస మార్చుకుని... వాళ్లత్త బోల్తా పడుతుంటే నవ్వలేక చచ్చాను. నువ్వేంటి జోస్నా, ఒక్కసారీ నవ్వలేదు?”

“నవ్విన.”

“ఎక్కడ నవ్వావ్?”

“లోపల. ఆ హీరో ఏం మార్చుకున్నడు మురళీ?”

“వాడేం మార్చుకుంటాడు, హీరో కదా! సరేగాని, ఆదివారం మా ఇంటికొస్తున్నావ్. నువ్వు చెప్పాల్సినవి ఇంకోసారి చూసుకుందాం. నేనే మా అమ్మ. ‘ఏ ఊరమ్మా మీది?’”

“ఇప్పుడొద్దు.”

“ఒక్కసారే. ఏ ఊరమ్మా?”

“గుంటూరండి.”

“పేరు?”

“అమలండి.”

“అబ్బ! అమ్మతోడు, నేనే నమ్మేశాను. ‘మీ నాన్నగారేం చేస్తుంటారు?’”

“హయత్‌నగర్ డిపోల డ్రైవర్. సమ్మెల ఉన్నడు.”

“జోస్నా!”

“మరేం చెప్పాలె?”

“లేరని చెప్పమన్నాగా. లేరంటే ఇంకేం అడగరు. డ్రైవరంటే డిపో, డిపో అంటే సమ్మె, ఆ తర్వాత మీ చర్చి... మా అమ్మ సంగతి నీకు తెలీదు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.”

“బతికున్న మనిషిని లేడనాల్నా?”

“పెళ్లయ్యేదాకానే. తర్వాత నిదానంగా నేనే చెప్తాగా.”

“ఎప్పుడు?”

“చెప్తానన్నాగా! అసలేమైంది నీకు? మూడ్రోజుల్నుంచీ ఫోనెత్తవు.”

“దవాఖానల ఉన్న. ధర్నా కాడ తొక్కిసలాటైంది, నాయిన కిందపడ్డడు. తలకు దెబ్బ. రెండు కండ్లకు కట్లు కట్టిన్రు.”

“అయ్యో! చూపు...?”

“ఒస్తదో రాదో చెప్పలేమన్నరు.”

“మరి సినిమాకెందుకొచ్చావే?”

“ఫోన్ల చెప్పనీకి నోరు రాలే. ఎదురుంగనన్న చెప్తనేమోనని ఒచ్చిన.”

“ఏ ఆసుపత్రి?”

“కొత్తపేటల. మీ విజయదుర్గక్క ల్యాబ్‌ల చేస్తది చూడు, అదే.”

“అక్క చూసిందా నిన్ను?”

“నేను నాయిన మంచం కాడ నిలబడ్డ. పక్క మంచమామెకు రక్తం తీయనీకి ఒచ్చింది. ‘ఏంటి అమలా, ఇక్కడున్నావ్?’ అన్నది. నువ్వే గద పోయిన నెల గా పేరు చెప్పి చూపెట్టినవ్.”

“కొంప మునిగింది! ఏం చెప్పావ్?”

“‘మా పిన్నిగారి కోసం వచ్చానండి, వార్డు వెతుక్కుంటున్నాను’ అన్న.”

“హమ్మయ్య! బతికించావ్ తల్లీ. నమ్మింది కదా?”

“నమ్మింది. మంచంల ఆయన కూడ నమ్మిండు.”

“అంటే?”

“నాయిన నా గొంతు ఇన్నడు మురళీ. చెయ్యి ఇట్ల గాలిల చాపిండు. ‘అమ్మా, మీరెవరో గాని... మా బిడ్డ జోస్న బయట ఉన్నదేమో, జర పిలువుండ్రి’ అన్నడు.”

“అప్పటికి... అక్క అక్కడే ఉందా?”

“అక్కడనే ఉన్నది.”

“మరి నువ్వేమన్నావ్?”

“‘మీ కోసం ఎవరూ రాలేదండి’ అన్న.”